చిన్న అక్షరాలు

సెప్టెంబరు 9, మంగళవారం

ఎవరితో మాట్లాడినా అరిచేలా ఉన్నాను. అందుకని లెన్సుల కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చిన ఈ డైరీ తీశాను. ఎంత పిసినారితనం కాకపోతే గీతలు ఇంత దగ్గర దగ్గరగా కొడతారా? రెండేసి గీతలు వదిలి రాస్తున్నాను.

జరిగింది ఇది. రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి పిచ్చుక కళ్ళజోడు ఎడమవైపు కాస్త ఎత్తుగా కనబడింది. కళ్ళజోళ్ళ షాపులో పద్దెనిమిదేళ్ళుగా ఫ్రేములు బిగించే బల్ల నాది. ఎవరి ముక్కు ఎటు వంకరో, ఎవరి చెవి ఎంత ఎత్తో చూడగానే చెప్పేస్తాను. మళ్ళీ దానిమీద కూర్చుందేమో, సరిచేద్దామని చెయ్యి వేశాను. జుట్టు పక్కకి జరిగింది. ఎడమ కనుబొమ చివర వెండిరంగు రింగు.

పదహారేళ్ళ పిల్ల, కనుబొమ కుట్టించుకుని వచ్చి, నా ఎదురుగా కూర్చుని తాపీగా అన్నం తింటోంది.

మా ఆయన డ్రైవింగ్ నేర్పే మాస్టారు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, కాలి కింద ఇంకో బ్రేకు పెట్టుకుని ఇరవై ఏళ్ళు బతికిన మనిషి. ఇంట్లో ఏ ప్రమాదం కనబడినా కుడికాలు దానంతట అదే నేలకి తన్నుకుంటుంది. ఇవాళ బల్ల కింద ఆ చప్పుడు వినబడింది. అంతకు మించి ఆయన చేసిందేమీ లేదు.

"ఎవర్నడిగి చేయించుకున్నావు?" అన్నాను.

అది వింతగా చూసింది. ఏదో అనబోయి నోరు తెరిచింది. నన్ను చూసి, వాళ్ళ నానమ్మని చూసి, మళ్ళీ నన్ను చూసి, నెమ్మదిగా చెప్పింది. "ఎవర్నీ అడగలేదు."

ఎంత పొగరు. తప్పయిందనైనా అనదేం? అడగలేదని మొహం మీదే చెప్పింది.

అడిగితే నేను ఒప్పుకునేదాన్ని కాదు, అది వేరే సంగతి. అడగాలి కదా. ఒకటో తరగతి నుంచీ స్కూలు వదలగానే నేరుగా షాపుకొచ్చి, నా బల్ల పక్కన తిరిగే స్టూలు మీద కూర్చుని, ఆరింటిదాకా గిర్రున తిరుగుతూ కబుర్లు చెప్పే పిల్ల. ఆ తర్వాత ఇద్దరం కలిసి ఇంటికి నడుస్తాం. దాని కడుపులో మాట దాగదు. లెక్కల మాస్టారు రోజుకెన్నిసార్లు తుమ్ముతాడో కూడా నాకు తెలుసు. నిన్న ఇంటికొస్తూ "రేపు షాపుకి రానమ్మా, నీకు తెలుసుగా" అంటే స్నేహితురాలింటికి కాబోలు అనుకుని సరే అన్నాను. తీరా చూస్తే ఇదీ దాని ప్రయాణం. నా పిల్ల సూదితో పొడిపించుకుందన్న సంగతి దాని జుట్టు జరిగితే గానీ నాకు తెలియలేదు.

ఆదివారం లోపు ఆ రింగు తీసెయ్యాలని చెప్పేశాను. ఇక దీని మీద మాట్లాడేదేమీ లేదు.

సెప్టెంబరు 10, బుధవారం

నాకు కోపం లేదు.

సెప్టెంబరు 11, గురువారం

కోపం లేదు కాబట్టే మాట్లాడటం లేదు. మాట్లాడితే వస్తుంది.

మా ఆయన్ని పిలిచి, తండ్రిగా మీరొకసారి గట్టిగా చెప్పండి అన్నాను. చొక్కా సర్దుకుని దాని గదిలోకి వెళ్ళాడు. పది నిమిషాల తర్వాత బయటికొచ్చి, సూది ఎటునుంచి ఎటు వెళుతుందో, రింగు ఏ రకం స్టీలో, రోజుకెన్నిసార్లు ఉప్పునీళ్ళతో కడగాలో నాకు పాఠం చెప్పాడు. మీరు చెప్పడానికి వెళ్ళారా, నేర్చుకోవడానికి వెళ్ళారా అని అడిగితే, రెండూ కుదరలేదు, ముందు అది మొదలుపెట్టింది అన్నాడు.

అత్తయ్య ఇంకో రకం. మనవరాలి మొహాన్ని దీపం దగ్గరికి లాక్కుని, జుట్టెత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది. "దీని కనుబొమలు పలచన కదా, ఇప్పుడు కాస్త కనబడుతోంది" అంది. ఇంతమందిలో నేనొక్కదాన్నే పెద్దదాన్నేమో అనిపించింది.

ఈ పుస్తకాన్ని వంటింట్లో టీ పొడి డబ్బా వెనక దాస్తున్నాను. అత్తయ్యకి ఆ అర అందదు. మా ఆయనకి టీ పొడి ఎక్కడుంటుందో పెళ్ళయినప్పటినుంచీ తెలియదు. పిచ్చుకకి టీ వాసనే పడదు. ఇంతకంటే భద్రమైన చోటు బ్యాంకులో కూడా దొరకదు.

సెప్టెంబరు 12, శుక్రవారం

స్టూలు నాలుగు రోజులుగా ఖాళీ. స్కూలు వదిలాక నేరుగా ఇంటికి వెళ్ళిపోతోందట. ఇవాళ మా షాపు పెద్దాయన దానిమీద లెన్సుల పెట్టెలు పెట్టించాడు. చోటు లేదా ఇంకెక్కడా? తీసి కింద పెట్టాను.

ఆ విసుగులోనే ఒక పొరపాటు జరగబోయింది. చీటీలో ఒకటింపావు పవరు అని ఉంటే ఒకటీ ముప్పావు అనుకుని లెన్సు తీశాను. బిగించే ముందు పెద్దాయన వెనకనుంచి వచ్చి, చీటీ ఇంకోసారి చూడమ్మా అన్నాడు. డాక్టర్ల రాత అంతే, కోడి గెలికినట్టుంటుంది. పైగా నా బల్ల మీది బల్బు గుడ్డిది. ఆ మాటే అన్నాను. సాయంత్రానికల్లా కొత్త బల్బు పెట్టించాడు. అదీ అంతంతమాత్రమే.

నాకు ముందు ఈ బల్ల దగ్గర పనిచేసినావిడకి చూపు మందగిస్తే, తీసుకెళ్ళి బిల్లుల కౌంటర్లో కూర్చోబెట్టారు. పాపం, రిటైరయ్యేదాకా అక్కడే. ఎందుకు రాస్తున్నానో తెలియదు, ఊరికే గుర్తొచ్చింది. పోయిన నెల పిచ్చుక "నీకు దగ్గరవి కనబడట్లేదు కదమ్మా" అంటే కూడా ఆవిడ సంగతే చెప్పి నోరు మూయించాను. నాకు కళ్ళు బంగారంలా ఉన్నాయి, షాపులో ఇలాంటి మాటలు అనకు, నన్నూ కౌంటర్లో పడేస్తారు అని.

ఇంటికి రాగానే పిచ్చుక టీ పెట్టి నా ముందు ఉంచి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. నిన్న కూడా ఇంతే. లంచం. తాగాను గానీ లొంగలేదు.

సెప్టెంబరు 13, శనివారం

కనుబొమ ఎర్రబడింది. వాచింది కూడా. చెప్పలేదూ, ఇలాగే అవుతుందని? నిజానికి చెప్పలేదు, మాట్లాడటం లేదు కాబట్టి. కానీ అనుకున్నాను.

అది తలెత్తినప్పుడల్లా ఫ్రేము పై అంచు వెళ్ళి సరిగ్గా ఆ రింగుకే తగులుతోంది. రోజంతా ఒరుసుకుంటే వాచదా మరి? ఆ కుట్టినవాళ్ళకి కళ్ళజోడు పెట్టుకునే పిల్ల అన్న ధ్యాస ఉండొద్దూ?

అది స్నానానికి వెళ్ళినప్పుడు కళ్ళజోడు తీసుకుని, ముక్కు మీద ఆనే బుడిపెలు రెండూ కాస్త విడదీశాను. కాడలు చెవుల వెనక వంచాను. ఇప్పుడు ఫ్రేము ఒక గింజంత కిందికి కూర్చుంటుంది, రింగుని ముట్టుకోదు. ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఇది లొంగిపోవడం కాదు. దారిన పోయేవాళ్ళెవరికైనా ఇదే చేస్తాను, అది నా పని.

ఈ డైరీ కాగితం కూడా నాసిరకం. పేజీల అంచుల్లో బూడిదరంగు మరకలు వస్తున్నాయి. తేమకేమో.

సెప్టెంబరు 14, ఆదివారం

గడువు రోజు. పొద్దున్నే పిచ్చుక నా ముందుకొచ్చి నిలబడింది. "తీసెయ్యమంటావా?" అని మాత్రం అడిగింది. ఐదు రోజుల తర్వాత నాతో దాని మొదటి మాట.

తీసెయ్యమనడానికి నేను నోరు తెరిచేలోగా మా ఆయన కాలు నేలని తన్నింది. వాపు మీద ఉండగా తీస్తే పైన పూడిపోయి లోపల చీము పడుతుందట, తగ్గాక చూద్దాం అన్నాడు. అంతా చదివి పెట్టుకున్నాడు. అత్తయ్య వంతపాడింది. సరే, వాపు తగ్గేదాకా గడువు పొడిగించాను. పిచ్చుక ఇంకా ఏదో వినాలన్నట్టు కాసేపు నిలబడి, వెళ్ళిపోయింది.

దీనికంతటికీ కారణం ఆ కుట్టినవాళ్ళు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా చిన్నపిల్ల మొహాన సూది ఎలా గుచ్చుతారు? మంగళవారం అరపూట సెలవు పెట్టి వెళ్ళి వాళ్ళ తాట తీస్తాను. ఏమనాలో నాలుగు మాటలు ఇప్పుడే అనుకుని పెట్టుకున్నాను. చాలా బాగా వచ్చాయి.

సెప్టెంబరు 16, మంగళవారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అదేదో చీకటి కొట్టు అనుకుని వెళ్ళాను. మా షాపుకంటే శుభ్రంగా ఉంది. స్టీలు పళ్ళేలు, చేతులకి గ్లవ్స్, గోడకి కడుక్కునే పద్ధతి బొమ్మలతో సహా. కుట్టే ఆవిడ నా ఈడుదే. కుర్చీ చూపించింది. నేను కూర్చోకుండా, అనుకున్న నాలుగు మాటలకి ఇంకో నలభై కలిపి దులిపేశాను. ఆవిడ అంతా ఓపిగ్గా విని, ఫైలు తీసి, అందులోంచి ఒక కాగితం నా చేతిలో పెట్టింది.

"అనుమతి పత్రం. ఇది మీ సంతకం కాదాండీ?" అంది.

దొంగ సంతకం అయ్యుంటుందన్నాను. చూద్దామని కాగితం ఎత్తాను. దూరం జరిపాను. ఇంకాస్త జరిపాను. ఇక చాపడానికి చెయ్యి అయిపోయింది. ఆవిడ సన్నపని చేసేటప్పుడు వాడే భూతద్దం నావైపు జరిపింది.

సంతకం నాదే. కింద రెండు చుక్కలతో సహా. పైన చీమ తలకాయలంత అక్షరాల్లో, ఫలానా అమ్మాయి ఎడమ కనుబొమ కుట్టడానికి తల్లిగా నాకు సమ్మతమే అని ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. సోమవారం, ఎనిమిదో తారీకు సాయంత్రం. షాపు మూసే హడావుడి. పిచ్చుక స్టూలు దిగి, ఒక కాగితం నా బల్ల మీద పెట్టింది. "అమ్మా, ఇది చదివి సంతకం పెట్టు. నిజంగా చదువు. తొందరేం లేదు" అంది. పెద్దాయన పక్కనే ఉన్నాడు. ఆయన ముందు కాగితాన్ని దూరం పెట్టుకుని కళ్ళు చికిలించడం ఇష్టం లేక, దగ్గరే పెట్టుకుని, చదువుతున్నట్టు కళ్ళు పైనుంచి కిందికి నడిపించాను. ఏదో స్కూలు కాగితం అనుకున్నాను. "బాగానే ఉంది, కానివ్వు" అని సంతకం పెట్టాను. అది నన్ను వాటేసుకున్న ఊపుకి స్క్రూల డబ్బా కింద పడింది. స్కూలు కాగితానికి ఇంత ప్రేమా అనుకుంటూ ఇద్దరం నేలమీద కూర్చుని స్క్రూలు ఏరాం.

అంటే అది అడిగింది. నేను ఒప్పుకున్నాను. ఆ మర్నాడు అందరి ముందూ ఎవర్నడిగావని అరిచాను. అది నా మొహం చూసి, నేను చదవలేదని ఆ క్షణాన కనిపెట్టి, ఎవర్నీ అడగలేదని చెప్పింది.

చత్వారం. రాసేశాను. నలభై దాటితే అందరికీ వచ్చేదేనండీ, నామోషీ ఏముంది అని రోజుకి పదిమందికి నచ్చజెప్పి కళ్ళజోడు తగిలించి పంపిస్తాను. నాకు నలభై నాలుగు.

కుట్టే ఆవిడ ఆ కాగితం నకలు ఇచ్చింది. మంచినీళ్ళు కూడా ఇచ్చింది. క్షమించమని అడిగి వచ్చాను. పిచ్చుకని అడగాల్సింది ఇంకా మిగిలే ఉంది.

సెప్టెంబరు 17, బుధవారం

చెప్పలేదు.

సెప్టెంబరు 18, గురువారం

ఇవాళ కూడా చెప్పలేదు. వాపు తగ్గింది. టీ ఇచ్చింది. టీ బాగా పెడుతోంది.

సెప్టెంబరు 20, శనివారం

షాపు తెరిచీ తెరవగానే పెద్దాయన దగ్గరికి వెళ్ళి, నాకు కళ్ళు చూడండి అన్నాను. రోజూ నేను జనాన్ని కూర్చోబెట్టే కుర్చీలో నన్ను కూర్చోబెట్టాడు. దగ్గరి అక్షరాల కార్డు చేతికిచ్చాడు. అందులో వరసలన్నీ నాకు కంఠతా వచ్చు, గడగడా అప్పజెప్పగలను. కానీ చెప్పలేదు. మూడో వరస తర్వాత కనబడటం లేదని నిజం చెప్పాను.

"ఏడాది బట్టీ చూస్తున్నానమ్మా, ఎప్పుడడుగుతావా అని" అన్నాడాయన.

నన్ను కౌంటర్లో కూర్చోబెడతారా అని అడిగాను. ఎందుకన్నాడు. పాతావిడ సంగతి ఎత్తాను. ఆవిడ ఎంత బతిమాలినా కళ్ళజోడు పెట్టుకోనని భీష్మించింది, అందుకే కౌంటరు, నువ్వు పెట్టుకుంటానంటే నీ బల్ల ఎక్కడికీ పోదు అన్నాడు. ఏడాదిగా నేను దేనికి భయపడ్డానో అది అసలు లేనే లేదు. సోమవారానికి జోడు తయారవుతుంది.

రాత్రి భోజనాలయ్యాక కాగితం నకలు బల్ల మీద పెట్టి, సంతకం నాదే అన్నాను. మా ఆయన కాలు ఎంత గట్టిగా తన్నిందంటే గ్లాసు ఒలికింది. ఆ సోమవారం సాయంత్రం ఏం జరిగిందో, చదువుతున్నట్టు ఎలా నటించానో అన్నీ చెప్పాను. అత్తయ్య విని, "అయితే పన్నెండు రోజులుగా నీ మీద నువ్వే అలిగావన్నమాట" అంది. ఆవిడ లెక్కలో ఒక రోజు ఎక్కువైంది గానీ, మిగతాదంతా నిజమే.

పిచ్చుక తలొంచుకుని ఉంది.

"తప్పు నాది. ఆ రోజే చెప్పి ఉండొచ్చు కదే" అన్నాను.

"పెద్దాయనకి తెలిస్తే నిన్ను కౌంటర్లో పడేస్తారన్నావు కదా" అంది. "నాన్నకి చెప్తే నాన్న ఊరంతా చెప్తాడు."

మా ఆయన కాదనబోయి మానేశాడు. నేను దాన్ని దగ్గరికి లాక్కున్నాను, ఎడమవైపు తగలకుండా. ఏడ్చాను. రింగు బాగాలేదని కూడా చెప్పాను, ఎందుకంటే బాగాలేదు. అడిగావు, ఒప్పుకున్నాను, ఉంచుకో అన్నాను. ఈసారి నిజంగా ఒప్పుకుంటున్నావా అని అడిగింది. అత్తయ్య భూతద్దం తీసుకుని, కాగితం మొదటినుంచి చివరిదాకా నేనే పైకి చదివి, ఒప్పుకుంటున్నానని చెప్పాను.

సెప్టెంబరు 23, మంగళవారం

కళ్ళజోడు వచ్చింది. నిన్న సాయంత్రం పిచ్చుక స్టూలెక్కి, నా మొహం అటూ ఇటూ తిప్పి చూసి, కుడి కాడ కాస్త వదులుగా ఉందని చెప్పి, తనే బిగించింది. "నీకూ బాగాలేదులే" అంది. ఆరింటిదాకా గిర్రున తిరుగుతూనే ఉంది. లెక్కల మాస్టారు తుమ్ములు మానేశాడట.

ఇవాళ పొద్దున్న టీ పొడి కోసం డబ్బా తీసినప్పుడు, కొత్త కళ్ళజోడుతో నా రాత ఎలా ఉంటుందో చూద్దామని ఈ పుస్తకం తెరిచాను. రాత సంగతి తర్వాత. అంచుల్లో ఉన్నవి మరకలు కావు. పెన్సిలు రాత. బియ్యపు గింజ మీద రాసేవాళ్ళు కూడా ఇంత చిన్నగా రాయరు.

తొమ్మిదో తారీకు, పొగరు అని రాసిన చోట: "పొగరు కాదు."

పదో తారీకు, నాకు కోపం లేదు అన్నదాని పక్కన: "ఉంది."

పదకొండు: "రింగు తనకి బాగుంటుందా అని నాన్న అడిగాడు. నీకు చెప్పొద్దన్నాడు. టీ వాసన అలవాటవుతోంది."

పన్నెండు: "నా స్టూలు మీద పెట్టెలు పెట్టనివ్వకు."

పదమూడు: "ఫ్రేము బాగా కూర్చుంది. తేమ కాదమ్మా, నేనే."

పద్నాలుగు: "నొప్పిగా ఉందమ్మా."

ఆ రోజు నేను ఇదే పేజీలో యుద్ధానికి మాటలు కూర్చుకుంటున్నాను. నా పిల్ల నొప్పి అని రాస్తే, ఆ పక్క పేజీలో పదహారో తారీకు సంగతి రాసేటప్పుడు కూడా నాకది మరకలాగే కనబడింది. పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి.

పదహారు, పదిహేడు, పద్దెనిమిది. మూడు రోజులూ ఒకటే మాట: "తొందరేం లేదు."

నా అనుమతి లేకుండా నా డైరీ చదివింది. దీనికి శిక్ష వెయ్యాలి. ఏం వెయ్యాలో అత్తయ్యని గానీ మా ఆయన్ని గానీ అడిగి లాభం లేదు. పొద్దున్నించీ ఆలోచిస్తున్నాను.

ఇక అంత చిన్న అక్షరాలు అక్కర్లేదు. నాకు కనబడుతోంది. ఈ పేజీ కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలి, పుస్తకాన్ని టీ పొడి డబ్బా వెనకే పెడుతున్నాను.